మొదటి ఆట ఓడినవాడు



ఈసారి ఫుట్‌బాల్ గురించి రాస్తున్నాం. నవ్వకండి. మాకు ఆ ఆట రాదని మీ అందరికీ తెలుసు. మన రామతీర్థం చుట్టుపక్కల వరి కోసిన మడుల్లో పిల్లలు ఆడేది క్రికెట్టు, సాయంత్రమైతే వాలీబాల్. బలం చూపించాలంటే కొండవెలగాడ కుర్రాళ్ళలాగా బరువులెత్తాలి. బంతిని కాలితో తన్నే ఆట మన వైపు తక్కువే. అయినా ఆ ఆటలోని లెక్క ఒకటి, మా పరిచర్యలో మేం చేసిన తప్పును మా కళ్ళ ముందు పెట్టింది. దాన్ని మీ దగ్గర దాచుకోవడం సరి కాదనిపించింది.

2022 నవంబరు 22, మంగళవారం. ఊరంతా కోతల హడావుడిలో ఉంది. మన యవనస్థులు నలుగురైదుగురు మందిరం అరుగు మీద కూర్చుని క్రిస్మస్ నక్షత్రానికి వెదురు బద్దలు చీలుస్తున్నారు. చేతులు బద్దల మీద, కళ్ళు ఫోను మీద. కతార్‌లో ప్రపంచ కప్ జరుగుతోంది. ఆ మధ్యాహ్నం అర్జెంటీనాకూ సౌదీ అరేబియాకూ ఆట. అర్జెంటీనా అంతకు ముందు వరసగా 36 ఆటల్లో ఓటమి ఎరగని జట్టట. పదో నిమిషంలోనే మెస్సీ గోల్ కొట్టాడని ఒకటే అరుపులు. కాసేపటికి మేం టీ పట్టుకుని వెళ్ళేసరికి అరుగు మీద చప్పుడు లేదు. సౌదీ వాళ్ళు రెండు గోల్స్ కొట్టేశారు. ఆట 2-1తో అయిపోయింది.

"ఓడిపోనాది అయ్యగారూ" అన్నాడు ఒకడు, ఇంట్లో ఏదో నష్టం జరిగినట్టు.

"మరింకేం, ఇంటికి వెళ్ళిపోవడమేనా?" అని అడిగాం.

పదో తరగతి చదివే పిల్లవాడు ఒకడు బద్ద పక్కన పెట్టి మాకు పాఠం చెప్పాడు. "కాదండి. ఇది గ్రూపు ఆట కదండి. నాలుగేసి జట్లకి ఒక గ్రూపు. ఒక్కో జట్టుకి మూడు ఆటలుంటాయి. మూడూ అయిపోనాక లెక్క చూసి మొదటి రెండు జట్లనీ పైకి పంపుతారు. ఓడితే ఇంటికెలిపోయే ఆటలు తరవాత వస్తాయండి. ఇప్పుడు మెస్సీకి ఇంకా రెండాట్లున్నాయి."

ఇంకా రెండాటలున్నాయి. ఆ మాట వింటూ ఎందుకో మందిరం లోపలికి చూశాం. మూల గోడకి ఆనించి, పాత చీర చుట్టి, మన సంఘం డోలక్ ఉంది. దాని మీద చెయ్యి పడి అప్పటికి పదకొండు నెలలు.

ఆ డోలక్ సంగతి మీలో కొందరికి తెలుసు. తెలియనివారికి చెబుతాం. ఆ సహోదరుడి పేరు రాయం. ఆయన సరేనన్నాకే ఇంతవరకైనా రాస్తున్నాం. 2021 డిసెంబరు 24 రాత్రి ఆరాధనకి ఆయన తాగి వచ్చాడు. డోలక్ ముందు కూర్చున్నాడు. రెండో పాటకే తాళం తప్పింది, మూడో పాటకి పక్కకి ఒరిగిపోయాడు. పిల్లలు నవ్వారు. ఆయన భార్య కొంగు మొహానికి కప్పుకుని బయటికి వెళ్ళిపోయింది. పెద్దలకి కోపం వచ్చింది, మాకూ వచ్చింది. అందరి ముందే, "ఇక నువ్వు డోలక్ ముట్టుకోవద్దు" అనేశాం.

మర్నాడు మత్తు దిగాక ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి ఒకే ప్రశ్న అడిగాడు. "ఎన్నాళ్ళు అయ్యగారూ?"

"మారేదాకా" అన్నాం.

తర్వాత మూడు ఆదివారాలు వచ్చాడు. చెప్పులు విడిచే చోట, ద్వారం పక్కన కూర్చునేవాడు. నాలుగో ఆదివారం నుంచి రాలేదు. మేం పిలవలేదు. మారాక వస్తాడులే అనుకున్నాం.

అరుగు మీద ఆ పిల్లవాడు ఇంకో ప్రశ్న వేశాడు. "మరి మన దేశం ఇలాటివి ఎప్పుడూ ఆడలేదేటండి?" మాకు జవాబు తెలియలేదు. ఆ రాత్రి వెతికి చదివాం. ప్రపంచ కప్‌లో మన దేశం ఇంతవరకూ ఒక్క ఆటా ఆడలేదు. కానీ ఆసియా క్రీడల్లో రెండుసార్లు ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చింది. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. రెండుసార్లూ జట్టును తయారు చేసినది ఒకే మనిషి. హైదరాబాదు వాడు, బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టారు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 2024లో ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా కూడా వచ్చింది కాబట్టి ఇప్పుడు ఆ పేరు కొందరికైనా తెలుసు. అప్పుడు మాకు తెలియదు.

జకార్తాలో మన జట్టుకి పడిన గ్రూపులో దక్షిణ కొరియా, జపాన్, థాయ్‌లాండ్ ఉన్నాయి. మొదటి ఆట ఆగస్టు 26న, కొరియాతో. మనవాళ్ళు 0-2తో ఓడిపోయారు. రెండో ఆట థాయ్‌లాండ్‌తో. ఆ ఆటలో జర్నైల్ సింగ్ అనే పంజాబు ఆటగాడి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన మన గోల్ దగ్గర కాపలా కాసే డిఫెండరు, జట్టుకి గోడ లాంటివాడు. ఆట 4-1తో గెలిచారు గానీ గోడ పగిలింది. మూడో ఆటలో జపాన్‌ను 2-0తో గెలిచారు. మూడింట్లో రెండు గెలుపులు. కొరియా మూడూ గెలిచి మొదటి స్థానంలో ఉంటే, మనవాళ్ళు రెండో స్థానంలో నిలిచి సెమీ ఫైనల్‌కి వెళ్ళారు.

ఆ జట్టులో మన హైదరాబాదు, సికింద్రాబాదు పిల్లలు ఉన్నారు. అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం, పోలీసు జట్టులో ఆడిన యూసుఫ్ ఖాన్, హైదరాబాదులోనే పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. వీళ్ళని బాగా ఎరిగినవాడు రహీం గారు. ఎవడి కాలు ఏ పక్కకి పోతుందో, ఎవడికి ఏ మాట చెబితే లేస్తాడో ఆయనకి తెలుసు.

ఇప్పుడు తలకి కుట్లు పడిన జర్నైల్‌ని ఏం చెయ్యాలి? పాత చోట నిలబెడితే ప్రమాదం. పక్కన కూర్చోబెడితే ఎవరూ తప్పు పట్టరు. రహీం గారు ఆ రెండూ చెయ్యలేదు. వెనక కాపలా కాసేవాణ్ణి తీసుకెళ్ళి ముందు వరసలో, గోల్స్ కొట్టేవాళ్ళ మధ్య నిలబెట్టారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆటలో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా ఎవరో తెలుసా? మొదటి ఆటలో ఓడించిన ఆ కొరియానే.

ఆ రోజు స్టేడియంలో లక్ష మంది దాకా జనం, అందులో మనవాళ్ళకి అనుకూలంగా అరిచేవాళ్ళు అతి తక్కువ. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఆ క్రీడలకి రానివ్వని సంగతి మీద మన దేశపు అధికారి ఒకరు అభ్యంతరం చెప్పారని అక్కడి వాళ్ళకి కోపం. ముందు రోజే మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆ అరుపుల మధ్య 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ ఒకటి కొట్టాడు. మరి కాసేపటికి రెండోది కొట్టినది జర్నైల్ సింగ్. కొరియా చివర్లో ఒకటి కొట్టినా ఆట 2-1తో మనదైంది. ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, రహీం గారు కేన్సర్‌తో కన్నుమూశారు.

రహీం గారు మన విశ్వాసానికి చెందినవారు కారు కదా, ఆయన దగ్గర మనం నేర్చుకునేదేముందని ఎవరైనా అడగవచ్చు. మన ప్రభువు పొరుగువాడంటే ఎవరో చెప్పడానికి సమరయుణ్ణి చూపించాడు. విశ్వాసానికి మాదిరిగా రోమా శతాధిపతిని చూపించాడు. దెబ్బ తిన్నవాణ్ణి నిలబెట్టడం ఎక్కడ కనబడినా చూసి నేర్చుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. "ఎన్నాళ్ళు అయ్యగారూ?" అన్న ప్రశ్నే చెవిలో తిరిగింది. గ్రూపులో ఓడిన జట్టుకి తర్వాతి ఆట ఏ రోజో తెలుసు, ఎవరితోనో తెలుసు, ఏం చేస్తే నిలబడతామో కూడా తెలుసు. మా సహోదరుడికి మేం ఇచ్చిన శిక్షలో ఆ లెక్క లేదు. "మారేదాకా" అన్నాం. ఎలా మారాలో చెప్పలేదు, ఎవరు తోడుంటారో చెప్పలేదు, మారాడని ఎవరు చూస్తారో చెప్పలేదు. పైకి అది క్రమశిక్షణలా కనబడింది. నిజానికి మేం ఆయన్ని మొదటి ఆటకే ఇంటికి పంపేశాం.

వాక్యంలో మార్కు అనే యోహాను సంగతి మీకు తెలిసిందే. పౌలు బర్నబాలతో మొదటి సువార్త ప్రయాణానికి బయలుదేరి, పెర్గే దాకా వెళ్ళి, వాళ్ళని విడిచి యెరూషలేముకి తిరిగి వెళ్ళిపోయాడు (అపొ. కార్య. 13:13). రెండో ప్రయాణానికి అతణ్ణి తీసుకెళ్దామని బర్నబా, పనిలో విడిచిపోయినవాడు వద్దని పౌలు వాదించుకుని, ఒకరినొకరు విడిచి వేరు దారులు పట్టారు (15:37-39). పౌలు చెప్పింది అబద్ధం కాదు. మార్కు విడిచిపోయిన మాట నిజమే. కానీ బర్నబా అతణ్ణి వెంటబెట్టుకుని కుప్రకి వెళ్ళాడు. ఏళ్ళు గడిచాక చెరసాలలో ఉన్న పౌలు తిమోతికి రాస్తూ, మార్కుని తీసుకుని రమ్మని, అతడు పరిచారానికి తనకి పనికివచ్చేవాడని చెప్పుకున్నాడు (2 తిమోతి 4:11). ఆ మధ్య కాలంలో బర్నబా ఎన్ని పగళ్ళు అతని పక్కన నడిచాడో బైబిలులో రాసి లేదు. రాయకపోయినా ఆ నడక లేకుండా ఆ ఉత్తరం లేదు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. గ్రూపులో ఓటమిని ఎవరూ చెరిపెయ్యరు. కొరియా చేతిలో ఓడిన 0-2 ఇవాళ్టికీ లెక్కల్లో 0-2గానే ఉంది. తర్వాత గెలిచినందువల్ల అది గెలుపైపోలేదు. అలాగే క్రిస్మస్ రాత్రి తాగి రావడం తప్పు కాదని మేం ఎవరికీ చెప్పం. ఆయన భార్య కొంగు కప్పుకుని వెళ్ళిపోయిన ఆ రాత్రి చిన్నది కాదు. క్షమించడమంటే లెక్క తప్పు రాయడం కాదు. ఆ లెక్కతోనే మనిషిని మళ్ళీ మైదానంలోకి రానివ్వడం.

ఇంకో మాట కూడా ఉంది. గ్రూపు ఆటలు ఎప్పటికీ సాగవు. రహీం గారి జట్టే 1960లో రోము ఒలింపిక్స్‌కి వెళ్ళింది. గ్రూపులో హంగరీ, ఫ్రాన్సు, పెరూ పడ్డాయి. హంగరీ చేతిలో 1-2తో ఓడారు. ఫ్రాన్సుతో గెలిచేలా ఉండి చివర్లో 1-1తో సమానమైపోయారు. పెరూ చేతిలో 1-3తో ఓడారు. హంగరీ మీదా పెరూ మీదా మన గోల్ కొట్టినవాడు అమ్ముగూడ బలరామే. బాగానే ఆడారు. అయినా మూడు ఆటలూ అయిపోయాయి, ఇంటికి వచ్చేశారు. అవకాశం ఉందంటే అది ఎల్లకాలం ఉంటుందని కాదు.

ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానంలోనూ ఇదే ఉంది (లూకా 13:6-9). మూడేళ్ళు కాయలేదు, నరికెయ్యమన్నాడు యజమాని. ఈ ఒక్క ఏడాది ఉండనివ్వమన్నాడు తోటమాలి. అన్నవాడు ఊరికే అనలేదు. చుట్టూ తవ్వుతానన్నాడు, ఎరువు వేస్తానన్నాడు. మన రైతులకి వేరే చెప్పక్కరలేదు. గత్తం తట్టకెత్తి నెత్తిన పెట్టుకుంటే ఆ నీరు మొహం మీదకి కారుతుంది. ఒక ఏడాది గడువు అడిగినవాడు ఆ ఏడాది పనిని తన నెత్తికెత్తుకున్నాడు. మేం మా సహోదరుడికి గడువు ఇచ్చామనుకున్నాం. తట్ట మాత్రం ఎత్తలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం ఇద్దరం ఆయన దగ్గరకి వెళ్ళాం. కళ్ళంలో కుప్ప వేస్తున్నాడు. మమ్మల్ని చూసి దిగాడు గానీ దగ్గరకి రాలేదు. మేమే వెళ్ళాం. "నువ్వు చేసింది తప్పే. నీ ఆట మళ్ళీ ఎప్పుడో చెప్పకపోవడం మా తప్పు" అన్నాం.

చాలాసేపు గడ్డి పరక విరుచుకుంటూ నిలబడ్డాడు. "నాను తాగడం మాన్లేదండి ఇంకా" అన్నాడు. "మీరు మానీసినానని వచ్చినారేమో."

"మానలేదని తెలిసే వచ్చాం" అన్నాం.

ఆ క్రిస్మస్‌కి డోలక్ ఆయన చేతికి ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే అదీ తప్పే అయ్యేది. చోటు మార్చాం. శనివారం సాయంత్రం కూలి డబ్బులు చేతికొచ్చే వేళ ఆయనకి గండం. సరిగ్గా ఆ వేళకే పిల్లల పాటల సాధన పెట్టి, వాళ్ళకి తాళం నేర్పే పని అప్పజెప్పాం. పని చేసే చోటి నుంచి మందిరం దాకా ఒక పెద్ద సైకిల్ మీద తోడు వచ్చేవారు. నెలకోసారి విజయనగరంలో డాక్టరు దగ్గరకి మాలో ఒకరం వెంట వెళ్ళేవాళ్ళం. సంఘంలో అందరికీ ఇది నచ్చలేదు. "తాగేవాడి చేత పిల్లలకి నేర్పిస్తారేటి?" అని అడిగినవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే సాధన జరిగినంతసేపూ మాలో ఒకరం అక్కడే కూర్చునేవాళ్ళం.

డిసెంబరు 18 ఆదివారం రాత్రి మన గుంపు కేరల్స్‌కి ఇల్లిల్లూ తిరుగుతున్నప్పుడు నక్షత్రం కర్ర పట్టుకుని ముందు నడిచినవాడు ఆయనే. అదే రాత్రి కతార్‌లో ఫైనల్. ఇంటికీ ఇంటికీ మధ్య చీకట్లో పిల్లలు ఫోను చూసుకుంటూనే ఉన్నారు. ఫ్రాన్సుతో 3-3తో సమానమై, పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచింది. మొదటి ఆట ఓడిన జట్టే కప్పు ఎత్తింది. పదో తరగతి పిల్లవాడు పరిగెత్తుకొచ్చి, "చెప్పినాను కదండి అయ్యగారూ!" అన్నాడు. నక్షత్రం పట్టుకున్నాయన ఏమీ అనలేదు. కర్ర భుజం మార్చుకుని ముందుకి నడిచాడు.

ఇది గెలుపు కథ అని మీరు అనుకోకూడదు. ఆ తర్వాత ఆయన రెండుసార్లు పడ్డాడు. రెండుసార్లూ మర్నాడే వచ్చి చెప్పాడు. గుమ్మం బయట నిలబడలేదు, లోపలికి వచ్చి చాప మీద కూర్చుని చెప్పాడు. ఇప్పుడు ఆదివారం డోలక్ ఆయనదే. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలిద్దరు పక్కనే కూర్చుంటారు. రేపు ఏమవుతుందో ఆయనా చెప్పడు, మేమూ చెప్పం.

మేం ఆలస్యంగా వెళ్ళిన ఇల్లు కూడా ఒకటుంది. స్త్రీల కూడికలో మాట పట్టింపు వచ్చి మానేసిన ఒక పెద్దామె. రేపు వెళ్దాం, ఉడుపులయ్యాక వెళ్దాం, పండగయ్యాక వెళ్దాం అనుకున్నాం. చివరికి వెళ్ళింది ఆమె భూస్థాపనకి. అక్కడ మేం చేసిన ప్రార్థన, ఆమె వినగా చెయ్యాల్సింది. డోలక్ మూల నుంచి బయటికి వచ్చినప్పుడల్లా ఆ ఇల్లు కూడా మాకు గుర్తొస్తుంది.

ప్రియులారా, మీ ఇంట్లో పరీక్ష తప్పిన కొడుకు ఉండవచ్చు. డబ్బు విషయంలో మాట తప్పిన తమ్ముడు ఉండవచ్చు. అల్లుడితో పడక పుట్టింటికి వచ్చేసిన కూతురు ఉండవచ్చు. "మారితే చూద్దాం" అని వాళ్ళకి చెప్పి ఉంటారు. ఈ వారం వాళ్ళ దగ్గరకి వెళ్ళి, తర్వాతి ఆట ఏ రోజో చెప్పండి. ఆ రోజు మీరూ పక్కన ఉంటామని చెప్పండి. మొదటి ఆట ఓడినవాళ్ళు మీరే అయితే, మాకు ఫోను చెయ్యండి. అడ్రసు మీకు తెలుసు. ఇప్పుడు గుమ్మం బయట ఎవరినీ నిలబెట్టడం లేదు.

ప్రార్థన: తండ్రీ, మేము ఓడిన ఆటలు నీకు తెలుసు. మమ్మును ఇంటికి పంపివేయక ఇంకొక ఏడాది నిలువనిచ్చినందుకు స్తోత్రములు. మా తోటివారి చుట్టూ తవ్వుటకు మాకు ఓపిక ఇమ్ము, ఎరువు తట్ట ఎత్తుటకు సిగ్గు తీసివేయుము. సమయము దాటిపోకముందే మా కాళ్ళను వారి గడపలకు నడిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.